నీరు పల్లమెరుగు

తెలుగులో ‘కారు’ అన్న రెండక్షరాలు వేసినన్ని వేషాలు మరే మాటా వేయదేమో! కారుమబ్బులో అది నలుపు. తొలుకారులో అది ఋతువు. క్రియగా నిలబెడితే చుక్కలు చుక్కలుగా జారడం. నాలుగు చక్రాల వాహనానికి పేరుగా మన నోళ్లలో స్థిరపడిన ఇంగ్లీషు మాట ఈ వరుసలో ఆఖరుగా వచ్చి చేరింది. తొలుకారున కారుమబ్బు కమ్మి కారు కారడం మొదలుపెడితే ఈ అర్థాలన్నీ ఒక్క వాక్యంలోకి వచ్చి కూర్చుంటాయి. చమత్కారం వినడానికి బాగానే ఉంటుంది గాని, ఆ కారే కారు మన ఇంటి ముందున్నదైతే నవ్వు అంత తేలికగా రాదు.

ఈ నాలుగు మాటలూ ఆ కారు వెనకభాగాన్ని గురించినవి. దాన్ని మనం డిక్కీ అంటాం. పూర్వం గుర్రపుబగ్గీల వెనక నౌకరు కూర్చునే పీటకు ఇంగ్లండులో ఉన్న పేరది. తరువాత రెండు సీట్ల కార్ల వెనక, ఆరుబయట, మడతపెట్టి తెరిచే అదనపు సీటుకు అదే పేరు వచ్చింది. సీటు పోయింది, సామాను మిగిలింది, పేరు మనదగ్గర నిలిచిపోయింది. ఆ డిక్కీ అడుగున, తివాచీ కింద, గుండ్రటి గుంటలో పడుకుని ఉండే అదనపు చక్రం స్టెప్నీ. వేల్సు దేశంలోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ వీధి అని ఒకటుంది. గాలిపోయిన చక్రానికి తాత్కాలికంగా తగిలించుకునే చక్రాన్ని 1904లో అక్కడి డేవిస్ సోదరులు తయారుచేసి అమ్మారు. ఆ వీధి పేరు సముద్రాలు దాటి వచ్చి మన పంచరు కొట్ల బోర్డులకెక్కింది. పరాయి మాటలైనా, మన వానలు ఎక్కువగా దాక్కునేది ఈ రెండింటి మధ్యనే.

ఇంటి పైకప్పు కారితే అందరికీ తెలుస్తుంది. చుక్క నెత్తిన పడుతుంది, చెంబో గిన్నో తెచ్చి కింద పెడతాం. డిక్కీ కారితే ఎవరికీ తెలియదు. నీరు తివాచీ కిందికి చేరి, స్టెప్నీ గుంటలో నిశ్శబ్దంగా నిలుస్తుంది. పైన పరిచిన గుడ్డ పొడిగానే ఉంటుంది. తెలియజెప్పే ఆనవాళ్లు లేకపోలేదు. తెల్లవారి చూస్తే కారు అద్దాలకు లోపలివైపు ఆవిరి పట్టి ఉంటుంది. తలుపు తీయగానే ఆరని బట్టల మూట విప్పిన వాసన వస్తుంది. జాకీకి తుప్పు పూలు పూస్తాయి. మలుపు తిరిగినప్పుడు, బ్రేకు వేసినప్పుడు వెనక ఎక్కడో కడవలో నీళ్లు తొణికినట్టు చప్పుడవుతుంది. ఇవన్నీ అయ్యేసరికి నీరు అక్కడ కాపురం పెట్టి కొన్ని వారాలై ఉంటుంది.

మాది కాకినాడ. సముద్రపు గాలికి ఇనుము ఎలాగూ ఆయుష్షు తక్కువగా రాయించుకుని వస్తుంది. నైరుతి ఋతుపవనాలు సెలవు తీసుకునేలోగా ఈశాన్యం వచ్చి తలుపు తడుతుంది. అటువంటి ఊళ్లో పదేళ్ల కారు డిక్కీలోకి గ్లాసెడు నీరు వచ్చిందంటే అది వార్త కాదు. అయినా ఆ గ్లాసెడు నీటి వెంట నేను నాలుగు నెలలు పడడానికి కారణం ఉంది.

మా అమ్మకు మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. మెదడులో దెబ్బ కుడివైపు, పడిపోయింది ఎడమవైపు. మాట చెక్కుచెదరలేదు. ముప్పయ్యేళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు పాఠాలు చెప్పిన నోరు, ఆ విషయంలో దేవుడు దయగలవాడే. ఎడమచెయ్యి, ఎడమకాలు కదలవు సరికదా, వాటికి స్పర్శ కూడా లేదు. వారానికి మూడుసార్లు వ్యాయామ చికిత్సకు తీసుకువెళ్లాలి. ఆవిడ చక్రాల కుర్చీ మడిచి డిక్కీలో పెడతాం, దాని మీద వేసే దూది దిండూ అందులోనే.

నిరుడు శ్రావణమాసంలో ఒక సాయంత్రం చికిత్స నుంచి తిరిగివచ్చాక, అమ్మను మంచం మీదికి మారుస్తూ నా భార్య ఆగిపోయింది.

“అత్తయ్య చీర వెనక తడిగా ఉందేమండీ?”

దిండు పైపొర పొడిగా ఉంది. అడుగున నొక్కితే నీళ్లు కారాయి. అమ్మ ఆ తడి మీద రెండు గంటలు కూర్చుంది, ఆవిడకు తెలియలేదు. ఎడమ తుంటి దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. వేలితో నొక్కి వదిలితే మామూలు చర్మం తెల్లబడి మళ్లీ ఎర్రబడుతుంది. ఈ మచ్చ తెల్లబడలేదు. అది ఒత్తిడి పుండుకు తొలిమెట్టని డాక్టరుగారు చెప్పారు. ఒకేచోట ఒత్తిడి పడితే చర్మానికి నెత్తురు అందదు. తడి తోడైతే చర్మం మెత్తబడి తొందరగా చిట్లుతుంది. స్పర్శ ఉన్నవాళ్లు తెలియకుండానే అటూ ఇటూ కదిలి తప్పించుకుంటారు. లేనివాళ్లకు ఎవరో చూసి చెప్పాలి. చిట్లితే ఎముకదాకా పోయిన పుండ్లున్నాయట. మా అదృష్టం, పక్షం రోజుల జాగ్రత్తతో మచ్చ మాసిపోయింది. ఆ పదిహేను రోజులూ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

కుర్చీని ఆ రోజునుంచే వెనకసీటు మీదికి మార్చాం. కాని అప్పుడు అమ్మ పక్కన పట్టుకుని కూర్చునే మనిషికి చోటుండదు, ఎడమవైపు ఆనుకునే బలం లేని మనిషి ప్రతి మలుపులోనూ ఒరిగిపోతుంది. కారు అమ్మేద్దామా అన్న మాట కూడా వచ్చింది. అంటే, డిక్కీ బాగుపడితేనే అమ్మ ప్రయాణం సాగుతుంది.

అప్పటికే ముగ్గురు మెకానిక్కులు దాన్ని చూసి ఉన్నారు. వాళ్ల పేర్లతో మనకు పని లేదు, వాళ్ల ఆలోచనాక్రమంతోనే పని.

మొదటాయన డిక్కీ మూత ఎత్తగానే తేల్చేశాడు. “బీడింగు పోయిందండి, కొత్తది వేసేస్తే సరిపోద్ది.” మూత అంచుకు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ అది. కొత్తది వేశాడు. మరుసటి వానకు నీరు యథాప్రకారం వచ్చింది. రెండో ఆయన, నీరు ఎడమమూల నిలుస్తోంది కనుక ఎడమవైపు బ్రేకు లైటు సందులోంచే వస్తోందని నిర్ణయించి, దాని చుట్టూ సిలికాను పూశాడు. రెండు రోజులు కారంతా వెనిగరు వాసన. నీరు ఆగలేదు. మూడో ఆయన అందరికంటె తెలివైనవాడు. స్టెప్నీ గుంట అడుగున ఉండే రబ్బరు బిరడా పీకి చేతిలో పెట్టాడు. “ఇంక నిలవదు సార్, వచ్చింది వచ్చినట్టే పోద్ది.”

ఈ మూడో వైద్యం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇదే చేసి తృప్తిపడతారు. బిరడా తీస్తే నీరు పోయే మాట నిజమే. ఆ దారినే చక్రాలు చిమ్మే బురదనీరు, దుమ్ము లోపలికి వస్తాయి. అన్నిటికంటె ముఖ్యంగా, పొగగొట్టం అక్కడికి దగ్గర. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. వెనకసీట్లో కదలలేని మనిషిని కూర్చోబెట్టుకుని తిరిగే బండికి అడుగున కన్నం పెట్టుకోవడం మంచిది కాదు. పైగా నీరు వచ్చే దారిలో ఉన్న ఇనుమూ తివాచీ తడుస్తూనే ఉంటాయి, మనకు కనబడదంతే. బిరడాను ఆ సాయంత్రమే తిరిగి బిగించాను.

ముగ్గురూ పనివాళ్లే, చెయ్యి తిరిగినవాళ్లే. ముగ్గురి తర్కమూ ఒక్కచోటనే జారింది. నీరు ఎక్కడ కనబడిందో అక్కడే పుట్టిందనుకున్నారు.

‘నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు’ అన్నారు పెద్దలు. మొదటి సగం ఒప్పుకోవలసిందే, కాని నీటి స్వభావమంతా అందులో లేదు. నీరు పల్లానికి చేరుతుంది, నిజమే. చేరే దారిలో అది పక్కలకు నడుస్తుంది, రేకు అడుగుభాగాన్ని అంటిపెట్టుకుని తలకిందులుగా పాకుతుంది, సన్నని సందు దొరికితే దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు పైకి కూడా ఎక్కుతుంది. చుక్కగా రాలేది చివరి మజిలీలో మాత్రమే.

ఈ విషయం అమ్మకు చెప్పబోతే ఆవిడే నాకు పాఠం చెప్పింది.

“మూతి లేని గిన్నెలోంచి చారు నెమ్మదిగా వంచి చూడరా. విస్తట్లో పడుతుందా? గిన్నె వీపుమీంచి మోచేతి దాకా వస్తుంది. మన పెంకుటిల్లు కారినప్పుడు మీ తాతగారు చుక్క పడ్డచోట పెంకు మార్చేవారు కాదు. వాసం పట్టుకుని మూడు నాలుగు వరసలు పైకి పోయి చూసేవారు. నీళ్లు వాసం మీంచి జారుతూ వచ్చి, ఎక్కడ ముడి ఉంటే అక్కడ పడేవి.”

నాలుగు ముక్కల్లో చెప్పిందిగాని, శాస్త్రమంతా అదే. కారు ఒంటిమీద వాసాలకు కొదవ లేదు. పైరేకుకు అటూ ఇటూ పొడుగునా కాలువలుంటాయి, వాననీరు వాటివెంట వెనక్కి వచ్చి, వెనక అద్దం పక్కనుంచి దిగి, డిక్కీ మూత చుట్టూ ఉన్న కాలువలో పడి కిందికి పోతుంది. ఈ దారి పొడుగునా రేకుకు రేకు అతికిన కీళ్లున్నాయి. ఒక్కొక్క కీలు మీదా లప్పం లాంటి పదార్థం పూసి ఉంటుంది. ఎండకు ఎండి, గతుకులకు అదిరి, అది ఏళ్ల తరువాత పగులుతుంది. వెంట్రుకవాసి పగులు చాలు. ఇది కాక బ్రేకు లైట్ల వెనక పట్టీలు, నంబరు పలక దగ్గరి తూట్లు, ఏరియల్ మొదలు, వెనక అద్దం అంచు, కొన్ని కార్లకు పైకప్పు కిటికీనుంచి దిగే సన్నగొట్టాలు, బంపరు వెనక దాగి ఉండే గాలికిటికీలు, ఇవన్నీ అనుమానితులే. ఇందరిలో దొంగను పట్టడం ఎలా?

మన నైయాయికులు దీనికి మంచి పనిముట్టు ఇచ్చిపోయారు. అన్వయవ్యతిరేకాలు. ఇది ఉన్నప్పుడు అది ఉండడం అన్వయం, ఇది లేనప్పుడు అదీ లేకపోవడం వ్యతిరేకం. రెండూ కుదిరితేనే కార్యకారణ సంబంధం. బీడింగు మార్చిన ఆయన దగ్గర అన్వయం లేదు, వ్యతిరేకం లేదు, అలవాటు ఒక్కటే ఉంది. ఇక్కడ పోస్తే రావాలి, ఇక్కడ పోయకపోతే రాకూడదు. అది తేలేదాకా ఎక్కడా లప్పం పూయకూడదని నియమం పెట్టుకున్నాను.

మొదట పదిరోజులు ఒట్టి పరిశీలన. స్టెప్నీ తీసి గుంట తుడిచి, అడుగున పాత వార్తాపత్రిక పరిచాను. తడిస్తే కాగితం ఆరినా ముడతలు దాచుకోలేదు. కారు నిలిపి ఉంచిన రాత్రి వాన పడితే ఎంత తడి, వానలో నడిపిన రోజున ఎంత తడి, విడివిడిగా రాసుకున్నాను. నిలబడి తడిస్తే గ్లాసులకొద్దీ నీరు. వాన వెలిసిన తరువాత తడిరోడ్డు మీద నడిపితే, పైనుంచి చుక్క పడకపోయినా, అడుగున కాస్త తడి. మొదటిది పైనుంచి వచ్చేది. రెండోది చక్రాలు చిమ్మగా కిందినుంచి వచ్చేది. దొంగలు ఇద్దరన్నమాట. ఒకడిని పట్టి రెండోవాణ్ణి వదిలేసినవాడు ‘అబ్బే, లాభం లేదు’ అనుకుని, చేసిన మంచి పనిని కూడా అనుమానిస్తాడు.

దసరా సెలవులకు మా మేనల్లుడు వచ్చాడు. పదమూడేళ్లవాడు, సన్ననివాడు, డిక్కీలోకి దూరడానికి దేవుడు కొలతతీసి చేసినట్టుంటాడు. వెనకసీటు వీపు మడిచేసి, ఆ దారిని తెరిచే ఉంచి, వాణ్ణి లోపలికి పంపాను. మనిషిని లోపల పెట్టి అన్ని దారులూ మూయడం ఎప్పుడూ కూడదు. అమెరికాలో 2001 సెప్టెంబరు నుంచి తయారయ్యే కార్ల డిక్కీకి లోపలినుంచి తెరుచుకునే పిడి ఉండి తీరాలని నిబంధన పెట్టారు, చీకట్లో మెరిసే పిడి. మా కారుకు అటువంటిది లేదు, అందుకే సీటు దారి. తివాచీ, పక్కనుండే అట్టతొడుగులు, స్టెప్నీ అంతకుముందే తీసి బయట పెట్టాం. నగ్నమైన రేకును పొడిగుడ్డతో తుడిచి, కీళ్ల వెంబడి సుద్దపొడి చల్లాను. తెల్లటి పొడిమీద నీటిచార కాటుకరేఖలా కనబడుతుంది. వాడి చేతికి టార్చి, నా చేతికి నీళ్ల గొట్టం. అమ్మ చక్రాల కుర్చీలో, వరండాలో, న్యాయనిర్ణేత.

గొట్టం పట్టేముందు బీడింగును పరీక్షించాను. దానిమీద సుద్దముక్క రుద్ది, మూత వేసి తీస్తే, మూత అంచున తెల్లటి గీత అచ్చుపడాలి. ఎక్కడ గీత తెగితే అక్కడ రబ్బరు తాకడం లేదని అర్థం. కాగితపు పట్టీ మధ్యలో పెట్టి మూత వేసి లాగినా తెలుస్తుంది, బిగుతుగా రావాలి. మా కారుకు గీత చుట్టూ తెగకుండా పడింది. ఒకవేళ తెగితే రబ్బరు మార్చేముందు గడియ సర్దాలి, మూత ఆనుకునే రబ్బరు బుడిపెలను తిప్పి ఎత్తు సరిచూడాలి. చాలాసార్లు అంతటితో పోతుంది.

ఇక నీళ్లు. ఇక్కడ రెండు నియమాలు. మొదటిది, ధార మెత్తగా పడాలి. కార్లు కడిగే యంత్రంతో కొడితే మంచి రబ్బరు సందుల్లోంచి కూడా నీరు దూరుతుంది, నిర్దోషికి శిక్ష పడుతుంది. రెండోది, అన్నిటికంటె ముఖ్యమైనది, కిందినుంచి పైకి పోవాలి. పైనుంచి పోస్తే నీరు దారిలో ఉన్న అనుమానితులందరినీ తడుపుకుంటూ దిగుతుంది. లోపలికి వచ్చినప్పుడు ఎవరిది నేరమో ఎవరు చెప్పగలరు? కిందినుంచి ఒక్కొక్క మెట్టే ఎక్కితే, ఏ మెట్టు దగ్గర చుక్క వచ్చిందో అదే దోషి. ప్రతి మెట్టు దగ్గరా ఐదు నిమిషాలు ఆగాలి, దాక్కున్న నీరు బయటపడడానికి వ్యవధి కావాలి.

ముందుగా వెనక చక్రాల గూడుల్లోకి, బంపరు అడుగుకి చిమ్మాను. కుడివైపు నిశ్శబ్దం. ఎడమవైపు నాలుగో నిమిషంలో లోపలినుంచి కేక.

“మామయ్యా, పక్కరేకు అడుగున చిన్న చెమ్మ! కారట్లేదు, ఊరుతోంది.”

రెండోదొంగ ఆనవాలు దొరికింది. చోటు గుర్తుపెట్టి, లోపల తుడిపించి, బయట ఆరనిచ్చి, పైకి కదిలాం. ఎడమ బ్రేకు లైటు, ఏమీ లేదు. కుడి బ్రేకు లైటు, ఏమీ లేదు. నంబరు పలక, బీడింగు కిందిఅంచు, పక్కఅంచులు, అన్నీ నిర్దోషులే. మూత చుట్టూ ఉన్న కాలువలో ఎడమ మడతబందు దగ్గర పోశాను, ఏమీ లేదు. కుడి మడతబందు దగ్గర పోసిన నిమిషానికి వాడి గొంతు మారిపోయింది.

“వస్తోంది మామయ్యా! కీలు వెనకనుంచి దారంలా వస్తోంది. ఆగు, ఆగు... ఇప్పుడు ఆగింది. మళ్లీ పొయ్యి.”

పోశాను, వచ్చింది. ఆపాను, ఆగింది. ఐదుసార్లు అదే వరస. అన్వయవ్యతిరేకాలు రెండూ సాక్ష్యమిచ్చాయి.

నేను కూడా సీటు దారిలో తల దూర్చి చూశాను. మడతబందు వెనక, రెండు రేకులు కలిసేచోట, పాత లప్పంలో గోటితో గీసినట్టు సన్నని పగులు. అక్కడినుంచి నీరు మడతబందును మోసే రేకు అడుగుభాగాన్ని పట్టుకుని పాకి, వెనకసీటు వెనకనుండే అడ్డపట్టీ మీదికి ఎక్కి, నేలకు దిగుతోంది. మా పెరటిగచ్చు నీళ్లు పోవడానికి ఎడమవైపు వాటం పెట్టి వేయించినది. కారు రోజూ దానిమీదే నిలబడుతుంది. కుడివైపు దూరిన నీరు ఎడమమూలకు చేరి నిలుస్తోంది. రెండో మెకానిక్కు ఎడమ బ్రేకు లైటుకు పూసిన సిలికానుకు, ఈ పగులుకు మధ్య డిక్కీ వెడల్పంత దూరం.

వరండాలో ఉన్న అమ్మకు చెప్పాను. కుడివైపు దెబ్బ, ఎడమవైపు కనబడుతోందని. ఆవిడ తన ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్లో సర్దుకుని, “నాకు తెలియని సంగతా?” అంది.

బాగుచేయడం, వెతకడంతో పోలిస్తే చిన్నపని, కాని ఓపిక కావాలి. పాత లప్పం పగిలినచోటనే కాక, అటూ ఇటూ గట్టిగా అతుక్కున్నదాకా గోకి తీశాను. అడుగున తుప్పు అప్పుడే మొదలైంది. ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, మిగిలిన మచ్చలకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పుమందు రాశాను. అది తుప్పును నల్లటి ఫాస్ఫేటుపొరగా మారుస్తుంది. దానిపైన ప్రైమరు, అది ఆరాక కార్ల కీళ్లకు వాడే పాలీయురితేన్ లప్పం. దీన్ని పూసి, తడివేలితో నున్నగా ఒత్తి, ఒక పగలూ రాత్రీ కదపకుండా వదిలేశాను. గాలిలోని చెమ్మను పీల్చుకుని గట్టిపడుతుందది, కాకినాడలో దానికి లోటు లేదు. ఆరాక పైన రంగు.

స్నానాలగదుల్లో వాడే మామూలు సిలికాను ఇక్కడ పనికిరాదు. వెనిగరు వాసన వేసే రకం ఆరుతూ ఆరుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, రంగు పోయిన ఇనుముకు అది తుప్పును పిలిచి పీట వేస్తుంది. పైగా సిలికాను మీద రంగు నిలవదు. ఎడమ లైటు చుట్టూ పూసినదాన్ని కూడా గోకి తీసేసి, దాని వెనక కొత్త పట్టీ వేశాను.

ఇక రెండోదొంగ. బంపరు విప్పడానికి మా వీధిచివరి షెడ్డు కుర్రాడు సాయం వచ్చాడు. దాని వెనక, రేకులో అరచేయంత కన్నానికి ప్లాస్టిక్ చట్రం, చట్రానికి పల్చటి రబ్బరు రెక్కలు. కారు తలుపు గట్టిగా వేసినప్పుడు లోపలిగాలి ఆ రెక్కలను తెరుచుకుని బయటికి పోతుంది, పోగానే అవి మూసుకుంటాయి. రెక్కలు బాగానే ఉన్నాయి. చట్రం చుట్టూ ఉండే మెత్తటి పట్టీ అప్పడంలా ఎండి విరిగిపోయింది. దాని స్థానంలో బ్యూటైల్ రబ్బరు పట్టీ చుట్టి బిగించాం. కుర్రాడు ఉత్సాహం కొద్దీ రెక్కలను కూడా మూసేద్దామన్నాడు. ఆ పని చేయకూడదు. గాలికి దారి లేకపోతే తలుపులు సరిగ్గా పడవు, అద్దాలకు ఆవిరి పట్టి వదలదు. నీరు రాకుండా చూడాలి గాని కారుకు ఊపిరాడకుండా కాదు.

ఆఖరిపని ఆరబెట్టడం. చాలామంది దీన్ని లెక్కచేయరు. తివాచీ పైన ఒక్కరోజులో ఆరుతుంది. దాని అడుగున కుట్టిన దళసరి పీచుపొర నీటిని వారాలకొద్దీ దాచుకుంటుంది, కన్నం మూసినా వాసన పోక, ఇంకా కారుతోందన్న భ్రమ కల్పిస్తుంది. విజయదశమి తరువాత దొరికిన మూడురోజుల ఎండలో దాన్ని దండెం మీద తిరగేసి ఆరేశాం. స్టెప్నీ గుంట గోకి రంగు వేశాను. తరువాత మళ్లీ అదే పరీక్ష, కిందినుంచి పైకి, వాడే లోపల, నేనే బయట. ఈసారి పైకప్పు కాలువదాకా పోయినా సుద్దపొడి మీద చార పడలేదు. చిత్త కార్తెలో రెండురోజుల ముసురు పట్టింది. తడిరోడ్ల మీద సామర్లకోట దాకా పోయి వచ్చాం. గుంటలో కాగితం కరకరలాడింది.

ఇంత చెప్పినది ఒక్క లప్పంగొట్టం ఖరీదు చేసే పని గురించా అని ఎవరైనా అడగవచ్చు. కొండను తవ్వి ఎలుకను పట్టిన సామెత గుర్తుకు వస్తే తప్పు లేదు. కాని ఈ నాలుగునెలల్లో నాకు గట్టిగా పట్టుబడిన సంగతి ఒకటుంది. నొప్పి ఉన్నచోటు తానే పిలుస్తుంది, మనం పరుగెత్తుకుంటూ పోతాం. పిలవలేని చోట్లు ఉంటాయి. స్టెప్నీ గుంట పిలవదు. అమ్మ ఎడమ తుంటి పిలవదు. అటువంటి చోట మనమే వేళకు వెళ్లి, చెయ్యిపెట్టి చూసి రావాలి. తడి తగిలితే, తగిలినచోట ఆగిపోకుండా పైకి వెతుక్కుంటూ పోవాలి.

కుర్చీ, దిండు మళ్లీ డిక్కీలోకి చేరాయి. దిండుకు నీరంటని తొడుగు కుట్టించాం, ఒక్క రక్షణనే నమ్ముకోవడం దేనికని. అమ్మ పక్కన ఇప్పుడు మనిషి కూర్చుంటున్నాడు. నెలకొకసారి, పెద్దవాన పడ్డాక మరోసారి, స్టెప్నీ కింద కాగితం మారుస్తాను. రోజూ రాత్రి నా భార్య దీపం దగ్గరికి జరిపి అమ్మ తుంటిని, మడమను వేలితో నొక్కి చూస్తుంది.

మొన్న వానలో తడిసివచ్చిన రాత్రి నేను కాగితం చేతపట్టుకుని లోపలికి వస్తే, అమ్మ మంచం మీదినుంచే అడిగింది.

“ఏరా, కాయితం ఏమంటోంది?”

“పొడిగా ఉందమ్మా.”

“అయితే ఇంక నన్ను తిప్పి చూడమను. ఆ తరువాత అన్నాలు తిందురుగాని.”